పెత్తనం ఒకరిది, నష్టం మరొకరిది

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ గురించి మన తెలుగు పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు రెండు రకాలు. ఫలానా రెజ్లర్ చనిపోయాడనో, సినిమాల్లోకి వెళ్లాడనో చెప్పే చిన్న వార్త ఒకటి. అదంతా ముందే రాసిపెట్టుకున్న నాటకమనీ, చూసేవాళ్లు పసివాళ్లనీ కొట్టిపారేసే వ్యాఖ్య మరొకటి. ముందే రాసిపెట్టుకుంటారన్న మాట నిజమే. దాన్ని ఎవరో శోధించి బయటపెట్టవలసిన పని కూడా లేకపోయింది. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు, అమెరికాలోని ప్రధాన రెజ్లింగ్ కంపెనీ అయిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (2002 నుంచి దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఈ) తమది క్రీడ కాదు, వినోద ప్రదర్శన అని స్వయంగా చెప్పుకుంది. బాక్సింగ్ వంటి క్రీడలపై ఉండే ప్రభుత్వ కమిషన్ అజమాయిషీ నుంచీ, దాని వెంట వచ్చే పన్నుల నుంచీ తప్పించుకోవడానికి ఆ ఒప్పుకోలు అక్కరకొచ్చింది. అంటే ఈ రంగంలోని అతి పెద్ద రహస్యాన్ని యాజమాన్యమే లెక్కలు చూసుకుని వదులుకుంది. వాణిజ్య శాస్త్రం బోధిస్తూ ఉద్యోగ జీవితం గడిపిన నాకు ఈ వ్యాపారం మీద ఆసక్తి కలగడానికి కారణం ఇలాంటి సంగతులే.

క్రికెట్‌లో బోర్డు ఎంత అధ్వానంగా నడుస్తున్నా ఒక బ్యాట్స్‌మన్ చెలరేగితే ఆ రోజుకు జట్టు గట్టెక్కుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఎవరు గెలవాలో, ఏ ఊళ్లో గెలవాలో, ఎన్ని నిమిషాలకు గెలవాలో కూడా ఆఫీసు గదిలోనే తేలిపోతుంది; ఆ పని చేసేవాణ్ణి అక్కడ బుకర్ అంటారు. కాబట్టి కంపెనీ దెబ్బతింటే దాన్ని అదృష్టం మీదికో, అంపైర్ మీదికో నెట్టేసే వీలు యాజమాన్యానికి ఉండదు. అమెరికాలో గత నాలుగు దశాబ్దాలుగా ఈ కంపెనీల మధ్య సాగిన పోటీని గమనిస్తే నాకు తోచేది ఇది: నష్టం ఎవరి జేబుకు తగులుతుందో వారి చేతిలోనే నిర్ణయం ఉన్నచోట కంపెనీ నిలదొక్కుకుంది, ఆ రెండూ వేర్వేరు చేతుల్లో పడినచోట ఎంత డబ్బు కుమ్మరించినా, ఎంత పేరున్న రెజ్లర్లను తెచ్చినా కూలింది. దీన్ని కొంత వివరంగా రాయదలిచాను.

1948లో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ కింద ప్రమోటర్లు అమెరికా, కెనడాలను ప్రాంతాలుగా పంచుకున్నారు. మన సినిమా పంపిణీలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలు ఉన్నట్టే అక్కడా ఒకరి ఇలాకాలోకి మరొకరు రాకూడదన్న కట్టుబాటు ఉండేది. 1982లో విన్స్ మెక్‌మాన్ ఈశాన్య రాష్ట్రాల్లో నడిచే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీని తన తండ్రి నుంచీ, ఆయన భాగస్వాముల నుంచీ వాయిదాల మీద కొన్నాడు. వాయిదా తప్పితే కంపెనీ తిరిగి పాతవాళ్ల పరమవుతుందన్న షరతు కూడా అందులో ఉంది. కేబుల్ టీవీ వచ్చాక ఈ ఏరియాల గీతలకు అర్థం లేదని మిగిలిన ప్రమోటర్ల కంటే ముందు గ్రహించింది అతడే. మినియాపొలిస్‌లోని ఏడబ్ల్యూఏ కంపెనీ, హల్క్ హోగన్‌కు జనాదరణ ఎంతుందో కళ్లెదుట కనబడుతున్నా అతణ్ణి ఛాంపియన్‌గా నిలబెట్టడానికి తటపటాయించింది. మెక్‌మాన్ అతణ్ణి తెచ్చుకుని 1984 జనవరి 23న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఛాంపియన్‌ను చేశాడు. ఏడాది తిరిగాక, 1985 మార్చి 31న అక్కడే రెసిల్‌మేనియా అనే భారీ ప్రదర్శనను తొలిసారి నిర్వహించాడు. అది బెడిసికొట్టి ఉంటే మునిగేది మెక్‌మాన్ సొంత ఇల్లే. జూదమని దాన్ని విమర్శించవచ్చు గాని, పందెం కాసినవాడూ, ఓడితే చెల్లించవలసినవాడూ ఒక్కడే అన్నది మరవకూడదు.

అతనికి ఎదురునిలిచిన వాళ్లలో చెప్పుకోదగినవాడు నార్త్ కరోలైనాకు చెందిన జిమ్ క్రాకెట్. రిక్ ఫ్లెయిర్ వంటి మేటి రెజ్లర్లు అతని దగ్గరే ఉన్నారు. అయినా 1987లో బిల్ వాట్స్ కంపెనీని కొని, డల్లాస్‌లో కొత్త ఆఫీసు తెరిచి, విమానాలు సమకూర్చుకుని, రాబడి కంటే వేగంగా ఖర్చు పెంచుకున్నాడు. అదే ఏడాది నవంబరులో అతడు స్టార్‌కేడ్ అనే తన పెద్ద ప్రదర్శనను పే-పర్-వ్యూలో, అంటే ఆ ఒక్క కార్యక్రమానికి విడిగా డబ్బు చెల్లించి టీవీలో చూసే పద్ధతిలో, పెట్టిన రోజునే మెక్‌మాన్ సర్వైవర్ సిరీస్ అనే కొత్త కార్యక్రమాన్ని ప్రకటించి, స్టార్‌కేడ్‌ను ప్రసారం చేసే కేబుల్ సంస్థలకు మరుసటి రెసిల్‌మేనియా ఇవ్వబోనని కబురు పంపాడు. చాలా సంస్థలు క్రాకెట్‌ను వదిలేశాయి. 1988 జనవరిలో క్రాకెట్ మరో కార్యక్రమాన్ని అమ్మకానికి పెడితే, అదే రాత్రి మెక్‌మాన్ రాయల్ రంబుల్ అనే ప్రదర్శనను టీవీలో ఉచితంగా చూపించాడు. ఇది క్రూరమైన వ్యాపారమే. ధర్మమా కాదా అన్నది వేరే చర్చ. సరుకు బాగున్నంత మాత్రాన చాలదనీ, అది జనానికి చేరే దారి ఎవరి అదుపులో ఉందో కూడా చూసుకోవాలనీ క్రాకెట్‌కు తెలిసేసరికి ఆలస్యమైంది. 1988 నవంబరులో అతడు తన కంపెనీని టెడ్ టర్నర్ సంస్థకు అమ్మేశాడు. అదే డబ్ల్యూసీడబ్ల్యూ అయింది.

ఇక్కణ్ణుంచి అసలు కథ. టర్నర్‌కు సొంతంగా దేశవ్యాప్త చానళ్లున్నాయి, లోటు లేని ఖజానా ఉంది, రెజ్లింగ్ మీద అభిమానమూ ఉంది. లేనిది ఒక్కటే, ఆ కంపెనీని తనదనుకుని నడిపే మనిషి. మొదట పగ్గాలు పట్టిన జిమ్ హెర్డ్ అంతకుముందు పిజ్జా హట్ సంస్థలో ప్రాంతీయ బాధ్యతలు చూసినవాడు. ఆయన హయాంలో 1991లో రిక్ ఫ్లెయిర్‌తో తగవు ముదిరి, ఛాంపియన్‌గా ఉన్నవాణ్ణే తొలగించారు. ఛాంపియన్ తన బెల్టు కోసం కట్టిన డిపాజిట్‌ను కంపెనీ తిరిగివ్వకపోవడంతో అతడు ఆ బెల్టుతో సహా వెళ్లి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీ కార్యక్రమంలో ప్రత్యక్షమయ్యాడు. ఒక కంపెనీ తన ట్రేడ్‌మార్కును ప్రత్యర్థి చేతికి తానే అందించిన ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో వెదికినా ఇంత చక్కగా దొరకదు.

తరవాత వచ్చిన ఎరిక్ బిషాఫ్‌ను తక్కువ చేయడం అన్యాయం. 1994లో హోగన్‌ను తెచ్చాడు. 1995 సెప్టెంబరు 4న మండే నైట్రోను మెక్‌మాన్ కార్యక్రమమైన రా ప్రసారమయ్యే సోమవారం రాత్రే మొదలుపెట్టాడు. చాలా వారాల్లో రా ముందే చిత్రీకరించినది కాగా నైట్రో ప్రత్యక్ష ప్రసారం. అందువల్ల అవతలి కార్యక్రమంలో ఎవరు గెలవబోతున్నారో ఇవతల ముందే చెప్పేసేవారు. తక్కువ రోజుల పనికి ఎక్కువ డబ్బు గ్యారంటీగా ఇస్తామని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నుంచి స్కాట్ హాల్, కెవిన్ నాష్‌లను రప్పించి, 1996 జులైలో హోగన్‌ను ప్రతినాయకుడిగా మార్చి ఎన్‌డబ్ల్యూఓ ముఠాను సృష్టించారు. 1996 జూన్ నుంచి 1998 ఏప్రిల్ వరకు వరసగా 83 వారాలు నైట్రో రేటింగ్స్‌లో రాను ఓడించింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ దాదాపు చతికిలబడింది. ఆ 83 వారాలు డబ్బు బలంతోనే వచ్చాయనేవారితో నేను ఏకీభవించను. ఆ కాలంలో బిషాఫ్ చేతిలో నిజమైన అధికారం ఉంది, అతడు దాన్ని తెలివిగానే వాడాడు.

కాని ఆ విజయాన్ని కొనడానికి రాసిచ్చిన కాంట్రాక్టుల్లోనే పతనం కూడా రాసి ఉంది. హోగన్ కాంట్రాక్టు ప్రకారం అతడు పాల్గొనే పోటీల ఫలితానికి అతని ఆమోదం ఉండాలి. తరవాతి కాలంలో జార్జియా కోర్టుకెక్కిన వివాదం వల్ల ఆ షరతు బహిరంగ రికార్డులోకి వచ్చింది. అంటే కంపెనీ అమ్మే సరుకు ఎలా ఉండాలో చెప్పే చివరి మాట, నెలనెలా డబ్బు అందుకునే కాంట్రాక్టుదారుడి చేతికి పోయింది. హోగన్‌ను ఇందుకు నిందించడం నాకు సబబుగా అనిపించదు. తన విలువను కాపాడుకోవాలని అతడు చూశాడు, ఎవరైనా చూస్తారు. సంతకం పెట్టిన యాజమాన్యం సంగతే అడగవలసింది. 1997 డిసెంబరు 28న స్టార్‌కేడ్‌లో, ఏడాదికి పైగా ఊరించిన స్టింగ్, హోగన్ పోరును చూడడానికి జనం డబ్బు చెల్లించి కూర్చుంటే, నికరమైన గెలుపు చూపించకుండా అంపైరింగ్ గందరగోళంతో ముగించారు. ఆ రాత్రి రాబడి ఘనంగానే వచ్చింది. పోయింది నమ్మకం, దానికి ఏ ఖాతా పుస్తకంలోనూ పద్దు ఉండదు.

గ్యారంటీ జీతాల సంగతి మరో ముచ్చట. వంద మందికి పైగా రెజ్లర్లు జీతాల పట్టికలో ఉండేవారు, వాళ్లలో చాలామంది వారాల తరబడి తెర మీద కనబడేవారు కాదు. రాండీ సావేజ్ తమ్ముడు లానీ పోఫో అయితే సంవత్సరాల పాటు జీతం తీసుకుంటూ రింగు మొహం చూడలేదు. అవతల డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో కనీస మొత్తానికి హామీ ఇచ్చి, మిగిలినది టికెట్ల అమ్మకంలో, టీషర్టులు, బొమ్మల అమ్మకంలో వాటాగా ఇచ్చే పద్ధతి ఉండేది. హాలు నిండితే రెజ్లర్‌కూ లాభమే. ఇక్కడ హాలు నిండినా నిండకపోయినా చెక్కు వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు టర్నర్ సొమ్ము ఖర్చవుతున్నప్పుడు వద్దనవలసిన మనిషి ఎవరన్నదే తేలలేదు.

కంపెనీ ఒక పెద్ద మీడియా సంస్థలో శాఖగా ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇంకోటి ఉంది. ప్రసారం చేసే చానలూ, కార్యక్రమం తయారుచేసే కంపెనీ ఒకే యజమానివి కావడంతో ఏ రాబడి ఎవరి ఖాతాలో వేయాలన్నది లోపలి సర్దుబాటుగా మారింది. రేటింగ్స్ వస్తున్నాయి కదా అని 1998 జనవరిలో నైట్రోను మూడు గంటలకు పొడిగించారు. అదే నెలలో గురువారం రాత్రికి థండర్ అనే రెండు గంటల కార్యక్రమం కొత్తగా పెట్టించారు. అది బిషాఫ్ కోరుకున్నది కాదు, పైనుంచి వచ్చిన ఆదేశం. వారానికి ఐదు గంటల కథ రాయవలసి వచ్చేసరికి బుకర్లకు ఊపిరాడలేదు, డబ్బు చెల్లించి చూసే కార్యక్రమాలకు దాచిపెట్టుకోవలసిన సరుకు ఉచితంగా టీవీలో అయిపోసాగింది. 1998 జులై 6న అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో గోల్డ్‌బర్గ్ హోగన్‌ను ఓడించిన పోటీ కోట్ల డాలర్లు తెచ్చిపెట్టగలిగేది. దాన్ని ఆ వారం రేటింగ్ కోసం నైట్రోలో చూపించేశారు. ఆ రాత్రి రేటింగ్ గెలిచారన్నది నిజమే.

అదే డోమ్‌లో 1999 జనవరి 4న జరిగినది ఇప్పటికీ రెజ్లింగ్ అభిమానులు కథలుగా చెప్పుకుంటారు. ఛాంపియన్ నాష్‌ను హోగన్ వేలితో అలా తాకితే, నాష్ వెల్లకిలా పడి బెల్టు అప్పగించాడు. అదే రాత్రి అవతల రాలో ముందే చిత్రీకరించిన పోటీలో మిక్ ఫోలీ ఛాంపియన్ కాబోతున్నాడని, బిషాఫ్ ఆదేశంపై నైట్రో వ్యాఖ్యాత ఎద్దేవాగా చెప్పాడు. ఆ మాట వినగానే లక్షల ఇళ్లలో చానల్ మారింది. ఫోలీ ఒకప్పుడు డబ్ల్యూసీడబ్ల్యూ తగిన విలువ ఇవ్వక పోగొట్టుకున్నవాడే. అతడొక్కడే కాదు. గాయంతో ఉండగా 1995లో డబ్ల్యూసీడబ్ల్యూ తొలగించిన స్టీవ్ ఆస్టిన్ అవతల ఆ దశాబ్దానికే పెద్ద తార అయ్యాడు. అండర్‌టేకర్, ట్రిపుల్ హెచ్ కూడా ఇక్కడ గుర్తింపు దక్కక వెళ్లినవాళ్లే. చేతిలో ఉన్న మనిషిలో ఏముందో చూడలేని యాజమాన్యం, పక్కింట్లో పేరు తెచ్చుకున్నవాణ్ణి మాత్రం ఎంత డబ్బు పెట్టయినా కొనేది.

మెక్‌మాన్ ఆ కష్టకాలంలో ఏం చేశాడో కూడా చూడాలి, అందులో మెచ్చుకోవలసినదీ, మెచ్చుకోలేనిదీ రెండూ ఉన్నాయి. 1996లో బ్రెట్ హార్ట్‌తో 20 ఏళ్ల కాంట్రాక్టు రాసుకుని, ఏడాది తిరిగేసరికి అంత డబ్బు ఇవ్వలేనని చెప్పి, డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లమన్నాడు. వెళ్లేముందు 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో హార్ట్‌కు తెలియకుండానే ఫలితం మార్చి బెల్టు లాక్కున్నాడు. రిక్ ఫ్లెయిర్ బెల్టు ఉదంతం తిరగబడి తనకే తగులుతుందన్న భయంతో చేసిన పని అది. ఇచ్చిన మాట తప్పాడు. అయినా జనానికి తన మీద కలిగిన కోపాన్నే సరుకుగా మలిచి, తానే దుర్మార్గుడైన యజమాని పాత్ర వేసి, ఆస్టిన్‌ను అతని మీద తిరగబడే ఉద్యోగిగా నిలిపాడు. 1998 ఏప్రిల్ 13న రా మళ్లీ పైచేయి సాధించింది. మరుసటి ఏడాది మే 23న కాన్సాస్ సిటీలో బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగే విన్యాసంలో కిందపడి మరణించాడు. ఆ రాత్రి కార్యక్రమాన్ని ఆపలేదు. రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టుదారులు అన్న ఏర్పాటు ఈ కంపెనీల లాభాల్లో ఎంత భాగమో లెక్కగట్టకుండా వాటి నిర్వహణను మెచ్చుకునే వ్యాసాలను నేను పూర్తిగా నమ్మను.

డబ్ల్యూసీడబ్ల్యూ అంత్యదశ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1999 సెప్టెంబరులో బిషాఫ్‌ను పక్కనబెట్టారు, అవతలి కంపెనీ రచయిత విన్స్ రూసోను తెచ్చారు, మళ్లీ మార్చారు, మళ్లీ ఇద్దరినీ పిలిచారు. 2000 జనవరిలో క్రిస్ బెన్వా, ఎడ్డీ గెరేరో సహా నలుగురు సమర్థులు ఒక్కసారే వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో డేవిడ్ ఆర్క్వెట్ అనే సినిమా నటుణ్ణి ఛాంపియన్‌ను చేశారు. ఆ ఏడాది నష్టం 6 కోట్ల డాలర్ల పైమాటేనని వార్తలు వచ్చాయి. 2001 జనవరిలో ఏఓఎల్, టైమ్ వార్నర్ విలీనం పూర్తయ్యాక, టర్నర్ మాట చెల్లని ఆ కొత్త సంస్థలో జేమీ కెల్నర్ అనే అధికారి రెజ్లింగ్ ప్రసారాలనే రద్దు చేశాడు. ప్రసార సమయం లేని రెజ్లింగ్ కంపెనీని కొనడానికి వచ్చినవాళ్లూ వెనక్కి తగ్గారు. మార్చిలో మెక్‌మాన్ పేరునూ, పాత వీడియోల భండారాన్నీ, కొద్దిమంది కాంట్రాక్టులనూ కలిపి 50 లక్షల డాలర్లలోపే సొంతం చేసుకున్నాడు. పెద్ద తారలు కొందరు పని లేకుండానే పాత కాంట్రాక్టు ముగిసేదాకా టైమ్ వార్నర్ దగ్గర జీతం తీసుకుంటూ ఇంట్లో కూర్చున్నారు.

నిర్ణయమూ నష్టమూ ఒకరి చేతిలోనే ఉంటే చాలునని నేనంటున్నట్టు అనిపించవచ్చు. చాలదని ఫిలడెల్ఫియాలోని ఈసీడబ్ల్యూ చెబుతుంది. బింగో ఆటల హాలులో కార్యక్రమాలు నడిపిన పాల్ హేమన్ కథ అల్లడంలో ఆ తరంలో మేటి అంటే పెద్దగా ఎవరూ కాదనరు. పెద్ద కంపెనీలు రెండూ అతని నుంచి కథలూ, మనుషులనూ ఎత్తుకుపోయాయి. అయితే బుకర్, యజమాని, ఖజాంచీ అన్నీ తానే అయిన హేమన్ దగ్గర లెక్కలు చూసేవాళ్లు లేరు. జీతం చెక్కులు బ్యాంకుల్లో తిరిగొచ్చేవి. 2000 ఏప్రిల్‌లో ఈసీడబ్ల్యూ ఛాంపియన్ మైక్ ఆసమ్ బాకీలు అందక డబ్ల్యూసీడబ్ల్యూలో చేరి నైట్రోలో కనిపించాడు. రాజీగా అతణ్ణి ఒక్క రాత్రికి తెప్పించి, అప్పటికే డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు వెళ్లిపోయిన టాజ్ చేతిలో ఓడించి బెల్టు తీసుకున్నారు. ఒక కంపెనీ బెల్టు కోసం మిగిలిన రెండు కంపెనీల మనుషులు తలపడవలసి రావడం ఎంత దయనీయమో చూడండి. 1999 ఆగస్టులో టీఎన్ఎన్ చానల్ ఈసీడబ్ల్యూకు జాతీయ ప్రసారం ఇచ్చింది. ఏడాది గడిచాక అదే చానల్ రాను తెచ్చుకుని దీన్ని వదిలేసింది. 2001 ఏప్రిల్‌లో దివాలా దరఖాస్తు పడింది.

2002లో నాష్‌విల్‌లో జెర్రీ, జెఫ్ జారెట్ తండ్రీకొడుకులు మొదలుపెట్టిన టీఎన్ఏను కొద్ది నెలలకే డల్లాస్‌కు చెందిన పాండా ఎనర్జీ కొని ఏళ్ల తరబడి పోషించింది. 2010 జనవరిలో హోగన్, బిషాఫ్‌లనే మళ్లీ తెచ్చి, సోమవారం రాత్రి పోటీకి దిగి, మే నెలకల్లా పాత రోజుకే తిరిగి వెళ్లిపోయారు. మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటి ఇందులో ఉంది. ఈ కంపెనీయే పుణెలో చిత్రీకరించిన రింగ్ కా కింగ్ 2012 తొలి నెలల్లో కలర్స్ చానల్‌లో హిందీలో వచ్చింది, ప్రచారానికి హర్భజన్ సింగ్‌ను పెట్టుకున్నారు. ఒక్క సీజన్‌తో ముగిసిన ఆ ప్రయత్నం భారతీయ ప్రేక్షకుడు చూస్తాడా అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది గాని, ఆ చూపును రాబడిగా మార్చడం ఎలాగన్నది తేల్చలేదు. డబ్ల్యూడబ్ల్యూఈకీ అది తేలలేదు. 2017లో జిందర్ మహల్‌ను ఛాంపియన్‌ను చేసి, డిసెంబరులో ఢిల్లీలో రెండు ప్రదర్శనలు ప్రకటించి ఒక్కటే నిర్వహించారు. ఆ ఒక్కటి జరగడానికి నెల ముందే అతని బెల్టు తీసేశారు కూడా. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనా వచ్చినప్పుడు యువతరం చూపిన ఉత్సాహం మనమంతా చూశాం. ఆ ఉత్సాహానికి కొనసాగింపుగా ఇక్కడ క్రమం తప్పని ప్రదర్శనల ఏర్పాటు ఏదీ కనబడలేదు.

పోటీ లేని రెండు దశాబ్దాల్లో డబ్ల్యూడబ్ల్యూఈ బాగా చేసిన పని, తారలను కొనడం మాని తయారుచేసుకోవడం. లూయివిల్‌లోని శిక్షణ కంపెనీ నుంచి సీనా, బటిస్టా, రాండీ ఆర్టన్, బ్రాక్ లెస్నర్ వచ్చారు. 2013లో ఓర్లాండోలో సొంత శిక్షణ కేంద్రమే కట్టారు. కాని అడ్డు చెప్పేవాడు లేని యజమాని వల్ల కలిగే కీడు కూడా ఇక్కడే బయటపడింది. 2001లో మెక్‌మాన్ పెట్టిన ఎక్స్ఎఫ్ఎల్ ఫుట్‌బాల్ లీగ్ ఒక్క సీజన్‌కే మూతపడడం చిన్న సంగతి. 1999లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కు వెళ్లినా, ప్రత్యేక ఓటు బలమున్న షేర్లు మెక్‌మాన్ వద్దే ఉండిపోయాయి. ఒక ఉద్యోగినితో సంబంధాన్ని బయటికి రానివ్వకుండా చేసిన చెల్లింపులపై బోర్డు విచారణ మొదలయ్యాక 2022 జులైలో తప్పుకున్న మనిషి, 2023 జనవరిలో ఆ ఓట్లతోనే తిరిగి వచ్చి, కంపెనీని ఎండెవర్ అనే వినోద సంస్థకు అమ్మే ఏర్పాటు చేయగలిగాడు. మాజీ ఉద్యోగిని దావా వేశాక 2024 జనవరిలో పదవి వదులుకున్నాడు. నష్టం నాదే కనుక నిర్ణయమూ నాదే అనేవాడు, తన వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని కూడా తనకు నచ్చినట్టే లెక్కగట్టుకుంటాడు. దీనికి మందు స్వతంత్ర బోర్డు ఒక్కటే, అక్కడ ఉన్నది పేరుకే స్వతంత్రం.

ఇప్పుడు ఆ కంపెనీ, ఆ అమ్మకంతో ఏర్పడిన టీకేఓ అనే నమోదిత సంస్థలో భాగం. రా కార్యక్రమాన్ని నెట్‌ఫ్లిక్స్‌కు పదేళ్లకు 500 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందంతో ఇచ్చి, 2025 జనవరి నుంచి ప్రసారం మొదలుపెట్టారు. కథలు చూసేది ట్రిపుల్ హెచ్, వ్యాపారం చూసేది నిక్ ఖాన్. పెత్తనాన్ని ఇలా విడదీసి, ఎవరి హద్దులు వారికి గీయడం నాకు సమంజసంగానే తోస్తోంది.

ఎదుట ఉన్నది 2019 జనవరిలో టోనీ ఖాన్ స్థాపించిన ఏఈడబ్ల్యూ. తండ్రి షాహిద్ ఖాన్ జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఫుట్‌బాల్ జట్టు యజమాని కావడంతో డబ్బుకు లోటు లేదు. ఏఈడబ్ల్యూ బుధవారం రాత్రి నడిపే టీవీ కార్యక్రమాన్ని తొక్కేయాలని డబ్ల్యూడబ్ల్యూఈ తన ఎన్ఎక్స్‌టీ అనే కార్యక్రమాన్ని అదే రాత్రికి పెట్టి, 2021 ఏప్రిల్‌లో మంగళవారానికి తప్పుకుంది. క్రాకెట్‌ను కూల్చిన ఎత్తు ఈసారి పారలేదు. 2023 ఆగస్టులో లండన్ వెంబ్లీ స్టేడియంలో 81,035 మంది వచ్చారని ప్రకటించారు. వారం తిరగకుండానే అదే కంపెనీ తన పెద్ద తార సీఎం పంక్‌ను తొలగించవలసి వచ్చింది. ఆ తగవు మూలం ఏడాది ముందే ఉంది. పోటీపడే రెజ్లర్లలోనే కొందరికి ఉపాధ్యక్ష హోదాలు ఇచ్చారు. వాళ్లతో పంక్‌కు పడలేదు. బరిలో ఉన్నవాడికే పెత్తనం కూడా ఇస్తే ఏమవుతుందో హోగన్ కాంట్రాక్టు అప్పటికే చూపింది గదా. చానల్‌కు కావాలన్నందుకు 2023 జూన్‌లో శనివారం కొత్త కార్యక్రమం మొదలుపెట్టడం కూడా థండర్‌ను తలపించింది. టోనీ ఖాన్ తానే యజమాని, తానే బుకర్. అతనికి వద్దు అని చెప్పగల అధికారి ఎవరో నేను చదివిన మేరకు ఎక్కడా కనబడలేదు. 2024 అక్టోబరులో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీతో ప్రసార ఒప్పందాన్ని పొడిగించుకోవడంతో ఏఈడబ్ల్యూకు కొన్నేళ్ల ఊపిరి దొరికింది. 2025 జులై 12న ఆర్లింగ్టన్‌లో వాళ్ల పెద్ద కార్యక్రమం జరిగిన రోజునే డబ్ల్యూడబ్ల్యూఈ అట్లాంటాలో తన కార్యక్రమం పెట్టింది. ఏఈడబ్ల్యూ తన సమయాన్ని మధ్యాహ్నానికి జరుపుకుని ఆ ఢీని తప్పించుకుంది.

మీ పత్రిక వాణిజ్య పుటలో ఈ కంపెనీల కాంట్రాక్టులు, ప్రసార ఒప్పందాలు, రెజ్లర్ల ఉద్యోగ హోదా గురించి తెలిసినవారి చేత ఒక వ్యాసం రాయిస్తే, సోమవారం రాత్రి కార్యక్రమాన్ని మంగళవారం ఉదయం చూసే మన విద్యార్థులు దాన్ని తప్పక చదువుతారని నా నమ్మకం.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత వాణిజ్య శాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.